కిటికీ జట్టు, గోడ జట్టు

ఏ పనైనా పద్ధతి ప్రకారం చేయాలనే జబ్బు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. జబ్బు అన్నమాట మా ఆవిడది. ఉతికిన చొక్కాలు ఏ వరుసలో ఆరేశారో ఆ వరుసలోనే తొడుక్కుంటాను. డైరీలో వాతావరణం ఒక రంగు సిరాతో, బడి సంగతులు ఇంకో రంగుతో, ఇంటి సంగతులు మూడో రంగుతో రాస్తాను. మూడో రంగు సిరా వాడక ఎండిపోయేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఇలాంటి మనిషి చేతికి పరిశోధన అనే వస్తువు దొరికితే ఏమవుతుందో ఒక సంవత్సరంపాటు బెంగాలీ నగరంలో ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో మా బడి పిల్లలు, వాళ్ళ తల్లులు, నాయనమ్మలు కళ్ళారా చూశారు.

ఎనభైల్లో మాట. అప్పుడు నేను డాక్ దగ్గర ఒక చిన్న ప్రైమరీ బడిలో మాస్టరుని. మన తెలుగువాళ్ళే సంఘం పెట్టుకుని నడుపుకునే బడి. పిల్లల తండ్రులు కొందరు పోర్టులో పనిచేసేవారు. ఎక్కువమంది కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే పనివాళ్ళు. పాఠాలన్నీ హిందీలో. రోజుకి ఒక్క పీరియడ్ మాత్రం తెలుగు. ఆ పీరియడ్ నాది. మా పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బడిలో హిందీ మాట్లాడేవారు. తెలుగు అక్షరాన్ని మాత్రం ఎక్కడో చూసిన దూరపు బంధువుని చూసినట్టు చూసేవారు.

మా సంఘం సెక్రటరీ పోర్టు వర్క్‌షాపులో పెద్ద మేస్త్రీ. మంచివాడు, లెక్క మనిషి. ఒకరోజు బడికి వచ్చి నా ఎదురుగా పిల్లల బెంచీ మీద కూర్చున్నాడు.

"ఏటి మేష్టారూ, మొన్న నాలుగో కిలాసు గుంటడి సేతికి మా ఊరినుంచి వచ్చిన కేలండరు ఇచ్చి సదవరా అన్నాను. తిరగేసి పట్టుకున్నాడు."

"తిరగేసి పట్టుకున్నా అక్షరాలు గుర్తుపట్టి ఉంటాడండీ" అన్నాను.

"గుర్తుపట్టినాడు. 'ఇది తెలుగండి' అన్నాడు."

నేను దగ్గాను. ఇబ్బందిగా ఉన్నప్పుడు దగ్గడం నా అలవాటు.

"మీమీద నాకు కోపమేటీ నేదు. గానీ ఈ పీరియడు ఏటికి సెప్పండి? హిందీకి ఇచ్చేద్దుం. రేపు డ్యూటీలో పనికొస్తాది. కొత్త కిలాసులు మొదలయ్యేలోపు కమిటీలో తేల్చేద్దుం."

"నాకు ఈ ఏడాది గడువివ్వండి. తెలుగు నేర్చుకోగలరని చూపిస్తాను."

"మాటలొద్దు. నంబర్లు సూపించండి."

నంబర్లు. ఆ మాట నాకు బెదిరింపులా వినబడలేదు, ఆహ్వానంలా వినబడింది. ఎందుకంటే సరిగ్గా అప్పుడే నేను శనివారాల్లో భవానీపూర్ వెళ్ళి ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో కూర్చుంటున్నాను. అందులో ప్రతి మాస్టరూ తన తరగతి గదిలోనే ఒక చిన్న పరిశోధన చేసి రాసివ్వాలి. తెలుగు పీరియడ్‌ను కాపాడుకోవడం, పరిశోధన చేయడం, రెండూ ఒకేసారి అయిపోతాయని లెక్క వేశాను. నా జీవితంలో నేను వేసిన లెక్కల్లో అంత అందమైనది, అంత తప్పుదీ ఇంకోటి లేదు.

భవానీపూర్‌లో మాకు పాఠం చెప్పేది ఒక బెంగాలీ లెక్చరరు. నాకంటే చిన్నదైనా అందరూ పిలిచినట్టే నేనూ దిది, అంటే అక్కా, అనేవాణ్ణి. కరెంటు పోయి పంకా ఆగినా ఆవిడ మాట ఆగేది కాదు. తరగతి గదిని పరిశీలించడానికి దారులు చాలా ఉన్నాయనీ, మాలాంటివాళ్ళకి మూడు చాలనీ చెప్పి బోర్డు మీద మూడు గీతలు గీసింది. ఒకటి, పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారో దగ్గర కూర్చుని చూసి రాసుకోవడం. రెండు, ముందొకసారి పరీక్ష పెట్టి, పాఠం చెప్పి, తర్వాత మళ్ళీ పరీక్ష పెట్టడం. మూడు, పిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి కొత్త పద్ధతి, ఇంకో జట్టుకి పాత పద్ధతి చెప్పి, చివర పోల్చడం.

"మాష్టర్ మొశాయ్, మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు?" అని బెంగాలీలో అడిగింది.

"నా కొత్త పద్ధతి మంచిదని."

"అది తెలుసుకోవడం కాదు కదా. మీకు ముందే తెలుసన్నమాట."

మెచ్చుకుందనుకుని తల వంచి నమస్కారం పెట్టాను. పక్కన కూర్చున్నవాళ్ళు ఎందుకు నవ్వారో ట్రాము ఎక్కాక అర్థమైంది.

దిది నన్ను మొదటి దారి పట్టమంది. మీ పిల్లలు తక్కువ, అందరూ ఒకే చోట ఉంటారు, జట్లు విడివిడిగా నిలవవు, చూసి రాయండి చాలు, అంది. నాకు అవమానమనిపించింది. చూసి రాయడం నేను మీసాలు రాకముందునుంచీ చేస్తున్నాను. డైరీ అంటే అదేగా. దానికి పరిశోధన అని పేరు పెట్టుకోవడానికి సిగ్గుండాలి. పైగా సెక్రటరీ అడిగింది నంబర్లు. మూడో దారే నాది అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకుని, "సరే, మీ ఇష్టం. జట్ల మధ్య మాటలు పోకుండా చూసుకోండి" అంది.

ఇంటికి వచ్చి మా ఆవిడకి ఉత్సాహంగా అంతా వివరించాను.

"మందులు కనిపెట్టేవాళ్ళకి ఎలకలు కావాలి. మీకు పిల్లలు దొరికారన్నమాట" అంది.

మూడో తరగతిని జట్లు చేయడంలో పక్షపాతం ఉండకూడదు కాబట్టి చీటీలు వేశాను. కిటికీ వైపు కూర్చునేది కిటికీ జట్టు; వాళ్ళకి కొత్త పద్ధతి. గోడ వైపు కూర్చునేది గోడ జట్టు, వాళ్ళకి పాతదే. ఆవకాయ జాడీ కడిగి, అందులో చీటీలు వేసి, ఒక్కొక్కరిచేతా తీయించాను. మా బస్తీలో వారం వారం లాటరీ టికెట్టు కొనని తండ్రి లేడు. జాడీలోంచి చీటీ తీయడమంటే ఏమిటో పిల్లలకి నేను చెప్పనక్కర్లేకపోయింది. కిటికీ వచ్చినవాళ్ళు గెంతారు. గోడ వచ్చిన రెండు జడల పిల్ల ఒకతె చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, "మేష్టారూ, దీనికేటీ రాదా?" అని అడిగింది. అదే తరగతిలో చదివే దాని సొంత చెల్లెలికి కిటికీ వచ్చింది. ఒకే కంచంలో తినే అక్కాచెల్లెళ్ళని చెరో జట్టులో వేశానన్న సంగతి ఆరోజు నా డైరీలో ఉంది. 'నిష్పక్షపాతంగా జరిగింది' అని రాసుకున్నాను.

కొత్త పద్ధతి ఏమిటంటే, పిల్లల నోట్లో ఉన్న మాటలే బోర్డు మీద రాసి వాళ్ళచేతే చదివించడం. "మా అయ్య రేతిరి డూటీకి ఎల్లినాడు." "కొలాయి కాడ మా యమ్మ గట్టిగా అరిసినాది." ఒక్క అక్షరం దిద్దకుండా రాశాను. ఏటి అన్న ప్రతివాడినీ ఏమిటి అనమని ఏళ్ళ తరబడి చెవి మెలిపెట్టిన నాకు ఇది చిన్న త్యాగం కాదు. కిటికీ జట్టు ఆ వాక్యాలు చూసి పడీపడీ నవ్వేది. ఆ సమయంలో గోడ జట్టు గోడ వదిలి వరండాలో కూర్చుని క కా కి కీ రాసేది. సగం పీరియడ్ అయ్యాక నేను వరండాలోకి వెళ్ళి వాళ్ళకి గుణింతాలు చెప్పేవాణ్ణి. ఇటు నవ్వులు, అటు గుణింతాలు.

జట్ల మధ్య మాటలు పోకుండా చూడమంది కదా దిది. గది గుమ్మానికి మా ఆవిడ పాత చీర అడ్డం కట్టాను. కిటికీ జట్టుచేత, ఇక్కడ చదివినవి బయట ఎవరికీ చెప్పబోమని ఒట్టు వేయించాను. ఏడాదంతా నేను చెప్పిన ఏ పాఠమూ వాళ్ళమీద అంత పనిచేయలేదు. దాచమన్నానంటే అందులో ఏదో ఉందన్నమాట. అంతవరకూ బడిలోంచి తెలుగు ఎవడైనా దొంగిలిస్తాడని ఎవరికీ తోచలేదు.

ఆ రోజుల్లో మా వీధిలో ఎర్రజెండాల ఊరేగింపు లేని వారం ఉండేది కాదు. మా పిల్లలకి అక్షరాలకంటే ముందు నినాదాలు వచ్చేవి. అందుచేత నేను కొంచెం ముందుగానే ఊహించవలసింది. ఒక పొద్దున నేను బడికి వెళ్ళేసరికి గోడ జట్టు వరండాలో పలకలు బోర్లించి కూర్చుంది. రెండు జడల పిల్ల నిలబడి చెయ్యెత్తింది.

"అమాదేర్ దాబీ!"

మిగతావాళ్ళు అందుకున్నారు. "మాన్తే హోబే, మాన్తే హోబే!"

తమ కోరిక తీర్చి తీరాలని బెంగాలీలో ఆ నినాదం. ఏ కోరిక అని అడిగాను.

"మాకూ నవ్వే పాటం కావాల" అంది.

చీటీల పద్ధతి ఎంత న్యాయమైనదో వాళ్ళకి వివరించబోయాను. అంతలో తల్లులు వచ్చేశారు. వాళ్ళ ముందు ఆ పిల్ల నాయనమ్మ. కార్పొరేషన్‌లో చీపురు పట్టి రిటైరైన మనిషి. యూనియన్ మీటింగుల్లో ముందు వరసలో కూర్చునేదని ప్రతీతి. వాళ్ళంతా నా కుర్చీ చుట్టూ నేలమీద కూర్చున్నారు. ఆఫీసర్లని ఇలా చుట్టుముట్టి కదలనివ్వకుండా కూర్చోవడాన్ని ఘెరావ్ అంటారని పేపర్లో చదివాను. అది నాకు జరిగేటంత గొప్పవాణ్ణి అవుతానని ఎన్నడూ అనుకోలేదు.

"ఏటి మేష్టరు బాబూ, ఒక కడుపున పుట్టిన గుంటల్లో ఒకతికి మంచి సదువూ, ఒకతికి సెడ్డ సదువూనా?" అంది నాయనమ్మ.

"చెడ్డది కాదమ్మా, పాతది. మనందరం అలాగే నేర్చుకున్నాం."

"నాను నేర్సుకోనేదు. అందుకే అడుగుతున్నాను."

"ఇది పరిశోధనమ్మా. ఒక జట్టు వెనకబడితేనే ఇంకో జట్టు ముందుకెళ్ళిందని తెలిసేది."

నోరు జారాక తెలిసింది ఏమన్నానో. తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఓలమ్మా, మా పిల్లల్ని ఎనకబెట్టడానికి పంతులికి జీతమట!" అంది ఎవరో వెనకనుంచి. "చోల్బే నా!" అని పిల్లలు అరిచారు. ఇలాంటివి సాగవని దాని అర్థం. నాకు ఆ అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేను దగ్గాను. నాయనమ్మ తన మరచెంబులోంచి నాకు నీళ్ళిచ్చింది. ఘెరావ్‌లో ఉన్న ఆఫీసరుకి నీళ్ళివ్వడం మర్యాదట. తాగి, పీరియడ్ సంగతి దాచకుండా చెప్పాను: కమిటీ తెలుగు తీసేద్దామనుకుంటోందనీ, నంబర్లు చూపిస్తేనే నిలుస్తుందనీ, అందుకే ఈ తంటా అనీ. ఆవిడ చెంబు మూత బిగించింది.

"మరి ఆ ముక్క ముందు సెప్పాలి కదేటి? దసరా పూజ సెలవులదాకా మీ పరీచ్చ కానియ్యండి. సెలవులయ్యాక అందరికీ నవ్వే పాటమే. పరీచ్చలో ఎవరికేటి వచ్చిందో పేరు పేరునా అందరి ముందరా సదవాల. రాసియ్యండి."

రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఆవిడ కాగితాన్ని తిరగేసి, వెనక ఏమీ లేదని చూసుకుని, మడిచి బొడ్లో దోపుకుంది. సమ్మె ముగిసింది. పరిశోధకుడు యాజమాన్యంగా మారి కార్మికులతో ఒప్పందం చేసుకున్న సంఘటన దిది చెప్పిన మూడు దారుల్లోనూ లేదు.

పూజ సెలవులకి ముందు పరీక్ష పెట్టాను. ఎవరూ చూడని కొత్త పేరా ఒకటి రాసి ఒక్కొక్కరినీ పిలిచి చదివించాను. కిటికీ జట్టు పిల్లలు ధీమాగా వచ్చారు. కాగితం వంక ఒక చూపు చూసి, "మా అయ్య రేతిరి డూటీకి..." అని అందుకున్నారు. అందులో అయ్యా లేడు, డ్యూటీ లేదు; చేపలు పట్టే మనిషి ఒకడున్నాడు. బోర్డు మీది వాక్యాలు వాళ్ళకి బొమ్మల్లా కంఠతా వచ్చాయి. కొత్త మాట ఎదురైతే పాత వాక్యం వినిపించారు. గోడ జట్టువాళ్ళు వేలు పెట్టి, పెదాలు కదిపి, మెల్లగా మొదలుపెట్టి, చివరికి చేపలవాడి కథ చదివేశారు. రెండు జడల పిల్ల చదివి, "సివరికి సేప పడ్డాదా నేదా? రాయనేదేటి?" అని నన్ను నిలదీసింది.

మార్కులు కూడాను. మళ్ళీ కూడాను. నేను ఎలా కూడినా గోడ జట్టే గెలిచింది, అదీ బాగా గెలిచింది. కిటికీ జట్టులో జ్వరంతో వచ్చినవాళ్ళని తీసేస్తే ఎలా ఉంటుందని కూడా చూశాను, ఇంకా ఓడిపోయారు. జ్వరం పిల్లలే కాస్త నయం. ఒప్పందం ప్రకారం అందరి ముందూ పేరు పేరునా చదివాను. గోడ జట్టు నన్ను తప్ప అందర్నీ కావలించుకుంది.

ఆ సాయంత్రమే సెక్రటరీ వచ్చి అదే బెంచీ మీద కూర్చున్నాడు. కాగితం చేతిలోకి తీసుకుని, వర్క్‌షాపులో కొలత చూసే మనిషిలా కళ్ళు చికిలించి చూశాడు.

"మేష్టారూ, నాకు కొంచెం అర్దం సేయండి. కొత్త పద్దతి సెప్పినోళ్ళు ఎనకబడ్డారు."

"అవునండి."

"సెప్పనోళ్ళు ముందున్నారు."

"...అవునండి."

"మరి అందరికీ సెప్పడం మానేత్తే అందరూ ముందుంటారు కదేటి? పీరియడు తీసేద్దుం అంటున్నది అదే కదా నాను."

తెలుగు పీరియడ్ మీద అంతవరకూ ఆయన దగ్గర ఉన్నది అభిప్రాయం. దాన్ని నేను నంబర్లతో నిరూపించి చేతికిచ్చాను.

శనివారం దిది ముందు కాగితాలు పెట్టాను. ఆవిడ చదువుతూ చదువుతూ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చీర తెర దగ్గరికి వచ్చేసరికి ఆపుకోలేకపోయింది.

"మాష్టర్ మొశాయ్, గోడ జట్టుకి వాళ్ళ పాఠం మాత్రమే అందిందా?"

"ఒట్టు వేయించాను."

"బడి వదిలాక వాళ్ళు ఎక్కడ ఉంటారు?"

"అందరూ ఒకే లైను ఇళ్ళలో ఉంటారు. ఒకే కొళాయి."

ఆవిడ లేచి బోర్డు దగ్గరికి వెళ్ళింది. బోర్డు మీది మొదటి గీత ఉండే చోట, ఆ రోజు అక్కడ ఏ గీతా లేకపోయినా, వేలు పెట్టి చూపించింది. "ఎవరు గెలిచారని అడిగారు. ఏం జరిగిందని అడగలేదు. వెళ్ళి చూడండి. చూసి రాయండి."

అలా, ఏడాది మొదట సిగ్గుచేటని వదిలేసిన దారిలోకి ఏడాది చివర గెంటబడ్డాను. కమిటీ మీటింగు దగ్గర పడుతోంది. పూజ సెలవులు ఇంకా ఇవ్వలేదు. సోమవారం సాయంత్రం నోటుపుస్తకం పట్టుకుని కార్పొరేషన్ లైన్లకి వెళ్ళాను.

కొళాయి పక్కన చప్టా మీద బడి నడుస్తోంది. నిజంగా బడే. రెండు గుంజల మధ్య గోనెసంచి ఒకటి వేలాడదీశారు. అదేమిటని అడిగితే, తెలుగు పాఠానికి తెర ఉండాలి కదా అన్నారు. తెర ఇవతల కిటికీ జట్టు గుంటడొకడు చేతిలో పుల్లతో, ముక్కుమీద తీగముక్క కళ్ళద్దాలతో నిలబడి ఉన్నాడు. ప్రతి మాటకి ముందూ దగ్గుతున్నాడు. "పద్దతి! పద్దతి ఉండాల!" అంటున్నాడు. గుప్పెడు మరమరాలు తెచ్చినవాళ్ళకి ఆరోజు లోపల చదివిన వాక్యం ఒకటి గచ్చుమీద బొగ్గుతో రాసి చూపిస్తాడు. రాయడమంటే గుర్తున్నట్టు గీయడమే. అందులో ఏ అక్షరం ఏదో వాడికి తెలియదు. అప్పుడు గోడ జట్టు గుమిగూడి దాన్ని ముక్కలు చేస్తుంది.

"ఇది 'ర'. దీనికి ఏత్వం పెట్టినాడు. రే."

"తరువోతది 'త'. గుడి ఉన్నాది. తి."

"రేతిరి! రేతిరి రా!"

అని అరిచి నవ్వుతారు. నేను గదిలో విన్న నవ్వే అది. ఇక్కడ ఇంకా గట్టిగా ఉంది. నాకు మెల్లగా విషయం దిగింది. గోడ జట్టుకి నా గుణింతాలు నేను ఇచ్చాను. వాక్యాలు వాళ్ళు కొనుక్కున్నారు. రెండూ వాళ్ళ దగ్గర చేరాయి. కిటికీ జట్టు దగ్గర వాక్యాలు మాత్రమే ఉండిపోయాయి. గుణింతాల్ని ఎవరూ దొంగిలించలేదు; వాటిని నేను దాచలేదు కదా.

నాయనమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తోంది. "సూసినారా బాబూ, వీడు మీకన్నా గట్టిగా సెప్తాడు. దగ్గు ఒక్కటే మీదగ్గర నేర్సుకున్నాడు."

చప్టా అంచున కూర్చుని నోటుపుస్తకం తెరిచాను. రెండు జడల పిల్ల వచ్చి నడుంమీద చెయ్యి పెట్టుకుంది.

"మేష్టారూ, మీరు ఏ జట్టు?"

"ఏ జట్టూ కాదమ్మా. ఊరికే చూస్తాను."

"ఊరికే సూడ్డం నేదు. మరమరాలు తెచ్చినారా?"

వీధి చివర దుకాణానికి వెళ్ళి కాగితపు ఠోంగా నిండా మరమరాలు తెచ్చి ఇచ్చాక కూర్చోనిచ్చారు. ఆ తర్వాత చాలా సాయంత్రాలు వెళ్ళాను. ఎవరు ఎవరికి ఏం చెబుతున్నారో, ఎక్కడ ఆగుతున్నారో, ఆగినచోట ఎవరు సాయం వస్తున్నారో రాసుకున్నాను. సెలవులయ్యాక ఒప్పందం ప్రకారం బడిలో తెర తీసేసి అందరికీ రెండు పాఠాలూ కలిపి చెప్పాను. కిటికీ జట్టు అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టింది. ఇదంతా పూసగుచ్చినట్టు రాసి దిదికిచ్చాను. "ఇప్పుడు నాకూ తెలియని సంగతి ఒకటి చెప్పారు" అంది. ఈసారి నమస్కారం పెట్టే ముందు అది నిజంగా మెచ్చుకోవడమేనా అని పక్కవాళ్ళ మొహాలు చూసి నిర్ధారించుకున్నాను.

కమిటీ మీటింగు ఒక ఆదివారం మా బడి గదిలోనే జరిగింది. సభ్యులు బెంచీల మీద, తల్లులు నేలమీద. నేను రాసినదంతా చదివాను, తెర సంగతి, మరమరాల సంగతి కూడా వదలకుండా. నంబర్లు తక్కువ, గుంటలు ఎక్కువ ఉన్న ఆ రిపోర్టుని సెక్రటరీ గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నాడు. నేను ముగించి, తెలుగు పీరియడ్ ఉండాలని మనవి చేసి కూర్చున్నాను.

"ఉండాలో నేదో మేం సెప్తాం" అంది నాయనమ్మ లేచి. "మా గుంటలు సదువుతున్నారు. చర్చిలో పాటల పుస్తకం సొంతంగా తీసి సదివినారు. ఇప్పుడు తీసేత్తే మళ్ళీ కూకుంటాం. ఈసారి మేష్టారి సుట్టూ కాదు."

సెక్రటరీ చుట్టూ ఒకసారి చూసుకున్నాడు. గుమ్మం ఎంత దూరమో చూసుకున్నాడని నా అనుమానం.

"పీరియడు ఉంటాది" అన్నాడు.

తల్లులు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టబోయాను.

"ఆగండి. మేష్టారు కస్టపడి రాసినారు. అందులో ఏటున్నాది? గుంటలు గుంటల దగ్గర నేర్సుకున్నారు అని ఉన్నాది. అవునా మేష్టారూ?"

"అవునండి, కానీ..."

"మరి నాలుగో కిలాసునీ రెండో కిలాసునీ కలిపి కూకోబెడదుం. పెద్దోళ్ళు సిన్నోళ్ళకి సెప్తారు. లెక్కల మేష్టారు రిటైరైపోనారు కదా, ఆ కుర్సీ కాళీగా ఉన్నాది. ఆ పీరియడులో మీరు మూడో కిలాసుకి లెక్కలు సెప్పండి. తెలుగుకి సోమారం ఒక్కరోజు ఎల్లి కొత్త అక్షరాలు సూపించండి. మీ పరిసోదనలో ఉన్నదే నాను సెప్తున్నాను."

కాదనడానికి నా దగ్గర ఒక్క వాదన లేదు. ఉన్నవన్నీ ఆయనకి అనుకూలంగా నేనే రాసిపెట్టాను. దిది అక్కడుంటే చెంగు ఎక్కడ పెట్టుకునేదో తెలుసు. ఓటు పెట్టారు. నాయనమ్మ కూడా చెయ్యెత్తింది. బయటికి వస్తూ, "ఏటనుకోకండి బాబూ, పీరియడు నిలబడ్డాది కదా" అంది. అదీ నిజమే. ఏడాది పొడుగునా నేను కోరుకున్నది అదే. అందులో నేనుండాలని విడిగా ఎక్కడా రాసుకోలేదు, రాసుకోనక్కర్లేదనుకున్నాను.

కొత్త తరగతులు మొదలయ్యాయి. ఒక మంగళవారం మూడో తరగతికి ఏడో ఎక్కం చెబుతున్నాను. పక్కగదిలో తెలుగు. ఒకటే అరుపులు, నవ్వులు, బల్లల మీద దరువులు. ఏడు నాలుగులు ఎంతో నాకే వినబడలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తెలుగు పీరియడ్ గోల ఎక్కువైందని ఎవరూ ఫిర్యాదు చేయలేదు; నా హయాంలో అందులో గోల ఉండేది కాదు. సుద్దముక్క కిందపెట్టి, చొక్కా సర్దుకుని వెళ్ళి తలుపు తట్టాను.

రెండు జడల పిల్ల చెల్లెలు తలుపు ఓరగా తెరిచింది. వెనక గదినిండా వేళ్ళు బోర్డు వైపు చూపిస్తున్నాయి.

"ఏటి మేష్టారూ? ఈరోజు సోమారం కాదు కదండి."

"కొంచెం మెల్లగా చదవమని చెప్పమ్మా."

"మెల్లగా సదివితే ఎనక కూకున్న సిన్నోళ్ళకి ఇనబడదండి" అంది. తలుపు వేసేసింది.

నేను నా తరగతికి తిరిగి వచ్చి, ఏడో ఎక్కాన్ని గొంతు పెంచి మొదటినుంచీ చెప్పాను.